తవుడుకి అమ్మిన పాప

పురిటి బిడ్డల ఫోటోలు తీస్తానని చెబితే చాలు, ఎదుటివాళ్ల ముఖాలు విప్పారతాయి. "ఎంత అదృష్టమో మీకు!" అంటారు. అదృష్టమో ఏమో గానీ, మోకాళ్ల మీద గంటల తరబడి కూర్చోవడం, బట్టల నిండా పాలవాసన పట్టించుకోవడం, నా ఒళ్లోనే ఉచ్చ పోసిన వాళ్లని నేనే బంగారుకొండ అని ముద్దు చేయడం కూడా ఇందులో ఉన్నాయని ఎవరికీ తట్టదు. అంతకుముందు పెళ్లిళ్లు తీసేదాన్ని. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు మేనత్త ఒక్క ఫోటోలోనూ పడలేదని ఆల్బమ్ తెచ్చి నా బల్ల మీద విసిరికొట్టారు. ముహూర్తం వేళకి ఆవిడ భోజనాల దగ్గరుంటే నేనేం చేసేది? ఆ రోజుతో పెళ్లిళ్లకి ఒక దణ్ణం పెట్టేశాను. పసిపిల్లలు ఎంత ఏడ్చినా ఆల్బమ్ విసరరు.

నాకు పిల్లలు లేరు. కావాలని మొక్కుకోనూ లేదు, లేరని కుమిలిపోనూ లేదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. జాలిగా తల ఊపుతారు. ఆ తల ఊపడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కూరగాయలమ్మే మనిషి వంకాయని చూసి మురిసిపోతుందా? నేనూ అంతే. పిల్లలు నాకు పని. పని బాగా చేస్తాను, డబ్బు తీసుకుంటాను, ఇంటికొచ్చి బట్టలు నానబెడతాను. ఇదీ నా పద్ధతి అనుకునేదాన్ని.

ఈ పనికంతటికీ ఒకటే కిటుకు. పిల్ల నిద్రపోవాలి. అరసవల్లిలో మా ఇంటి మేడ మీద నా గది ఉంది. అందులో ఊలు టోపీలు, వెదురు బుట్టలు, దూది మబ్బులు, కుందేలు చెవులు, అన్నీ ఉంటాయి. కానీ పిల్ల కళ్లు తెరిచి కాళ్లూ చేతులూ ఆడిస్తుంటే అవన్నీ దండగ. అందుకని కడుపునిండా పాలు పట్టించి, గది వెచ్చబరిచి, ఫోన్‌లో వానచప్పుడు పెట్టి, మెత్తటి గుడ్డతో చేతులు కదలకుండా బిగించి చుడతాను. పిల్ల ఉలిక్కిపడకుండా గాఢంగా నిద్రపోతుంది. అప్పుడు బుట్టలో పెట్టినా, మబ్బు మీద పెట్టినా కిక్కురుమనదు. నా చేతిలో నిద్రపోని పిల్ల లేదని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒక చలికాలం సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆడగొంతు. పక్కవాళ్లు వింటారేమో అన్నట్టు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"అక్కా, సంటిపిల్లల ఫోటోలు తీసీది మీరేనా? మాది భావనపాడు. ఇంటికొచ్చి తీస్తారేటి? రేపు పొద్దున్న. మా అత్త సంతకెల్లినప్పుడు."

అత్తలకి తెలియకుండా చేసే పనులు నాకొద్దని కరుగ్గానే చెప్పాను. తరువాత ఆ గొడవలన్నీ నా నెత్తికి చుట్టుకుంటాయి. ఆమె బతిమాలలేదు. "ఆయన బోటు రేపు మద్దేనం కదిలిపోద్దక్కా" అంది.

ఆ మాట అర్థం కాని మనిషి మా జిల్లాలో ఉండదు. వానలు తగ్గాక ఈ తీరంలో మగవాళ్లు గుజరాత్ వైపు బోట్ల మీద కూలికి వెళ్తారు. బోటు ఒడ్డుకొచ్చి చేపలు దించి, ఐసూ డీజిలూ ఎక్కించుకుని మళ్లీ సముద్రంలోకి పోతుంది. ఒడ్డున ఉన్నంతసేపే ఫోన్. లోపలికి వెళ్లాక వారాల తరబడి మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఆమె మొగుడు ఒడ్డునున్నాడు, ఇంకా కూతురి ముఖం చూడలేదు.

"మీ ఫోన్‌లో తీసి పంపొచ్చు కదమ్మా?"

"తీసేనక్కా. ఎన్నిసార్లో తీసేను. సేతులొణికిపోతన్నాయి. ఒక్కటీ సరిగ్గా రాలేదు."

బాలింత కదా, నీరసమనుకున్నాను. వస్తానన్నాను.

పొద్దున్నే స్కూటర్ మీద కాళ్ల మధ్య ఒక సంచీ, వీపు మీద ఒక సంచీ పెట్టుకుని బయలుదేరాను. నౌపడ గేటు దగ్గర గూడ్సు బండి ఎంతకీ కదల్లేదు. ఉప్పుమడుల మీంచి వచ్చే వెలుతురుకి కళ్లు చిట్లించుకుని, మధ్యాహ్నంలోగా ఫోటో పంపాలన్న సంగతి తలుచుకుంటూ గేటు తీసేవాణ్ణి మనసులోనే నాలుగు తిట్టాను.

రెండు గదుల స్లాబు ఇల్లు. ముందు తాటాకు పంచ, పంచలో వలల కుప్ప. దండెం మీద ఎండుచేపల పక్కనే పసిపిల్ల పొత్తిగుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది. చెవులకి గుడ్డ కట్టుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, నా కంటికి పదో తరగతి పిల్లలా కనిపించింది. చీర ఉయ్యాల్లోంచి పాపని తీసి నా చేతికిచ్చేటప్పుడు మాత్రం ఒక్క క్షణం వదల్లేదు. అలా వదలని తల్లుల్ని చాలామందినే చూశాను. మెల్లగా లాక్కున్నాను.

నా పని నేను మొదలుపెట్టాను. పాలు పట్టించాం. తలుపులు మూసి, ఉన్న ఒక్క కిటికీ సగం తెరిచాను. తెల్లటి మెత్తటి గుడ్డలో పాపని చుట్టి, నుదుటి మీద తుడిచినట్టు వేలు రాస్తూ కూర్చున్నాను. పొందికైన పిల్ల. పెద్దగా పేచీ పెట్టలేదు. పెదవులు ఒకసారి పాలు తాగుతున్నట్టు ఆడించి నిద్రలోకి జారిపోయింది. బుట్టలో పడుకోబెట్టాను. కిటికీ వెలుతురు ఒక చెంప మీద పడింది. రెండో చెంప నీడలో ఉంది. కెమెరాలో చూసుకుంటే నాకే ముచ్చటేసింది. గదిలో ఎన్ని దీపాలు పెట్టినా రాని వెలుతురు అది. ఇంకేం, పని అయిపోయింది, ఎండెక్కకుండా ఇల్లు చేరొచ్చనుకున్నాను.

"చూడమ్మా" అని కెమెరా వెనక తెర ఆమె వైపు తిప్పాను.

ఆమె చూసింది. ఒక అడుగు వెనక్కి వేసి గోడకి ఆనుకుంది. అలాగే జారి కింద కూర్చుంది.

"ఇది వద్దక్కా. ఆయనకి ఇది పంపొద్దు."

నాకు చిర్రెత్తింది. అంత దూరం వచ్చి, అంత మంచి ఫోటో తీస్తే వద్దంటుందేమిటి? "ఏం, బాగాలేదా?" అన్నాను.

"బాగుంది. ఇలగే బాగుండీది ఆ ఫోటో కూడాను."

తన ఫోన్ తీసి, వెతుక్కోకుండానే ఒక ఫోటో తెరిచి నా ముందు పెట్టింది. ఒక మగపిల్లాడు. తెల్లటి గుడ్డలో చేతులు కనబడకుండా చుట్టి ఉన్నాడు. కళ్లు మూసి ఉన్నాయి. అదే కిటికీ. ఒక చెంప వెలుతురులో, ఒక చెంప నీడలో. చాలా అందమైన పిల్లాడు. ఏమిటో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఫోన్ పట్టుకున్న చేతిని ఏం చేయాలో తెలియలేదు.

వాడు మొదటివాడు. పుట్టిన వారం తిరక్కుండానే పోయాడు. తండ్రి సముద్రం మీద ఉన్నాడు. కడసారి చూపు తప్పిపోతుందని, పూడ్చడానికి తీసుకెళ్లేముందు మరిది ఈ ఫోటో తీసి అన్న ఫోన్‌కి పంపాడు. బోటు ఒడ్డుకి వచ్చాక సిగ్నల్ తగిలింది. ముందు ఫోటో చేరింది. జరిగింది చెప్పడానికి వీళ్లు చేసిన ఫోన్ ఆ తరువాత కలిసింది. ఆ మధ్యలో ఆయన మాట రికార్డు చేసి పంపాడు. ఆమె దాన్ని చెరపలేదు. నొక్కి నాకు వినిపించింది. చుట్టూ మగవాళ్ల కేకలు, మధ్యలో ఆనందం పట్టలేని గొంతు.

"ఒలే, అచ్చం మా అయ్య ముక్కేనే! ఎంత సక్కగా తొంగున్నాడే నాయాలు. లేసినాక ఇంకోటి తీసి పంపు."

నేను తల ఎత్తలేకపోయాను. చాలా ఏళ్లుగా నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్చుకున్న పనంతా, ఆ వెలుతురు, ఆ చుట్టడం, ఆ కదలనితనం, ఆ ఇంట్లో ఇదివరకే ఒకసారి జరిగిపోయింది. కెమెరాలోంచి నా ఫోటో చెరిపేశాను.

"ఇప్పుడు ఫోన్ సేస్తే ఎత్తడక్కా" అంది ఆమె. "పాప పుట్టిందని ఆల తమ్ముడు సెప్పినకాడి నుంచీ నా ఫోను ఎత్తడు. వీడియో కాలైతే మరీని. ఎత్తితే ఏటి సెప్తానోనని బయ్యం. 'కళ్లు తెరిసున్న ఫోటో పంపమను, అప్పుడు మాటాడతాను' అన్నాడంట. ఇలగే సముద్రం మీదకెల్లిపోతే ఆ మనిసి బుర్ర పని మీదుంటాదా? తాడు కాలికి సుట్టుకున్నా సూసుకోడు."

అదీ సంగతి. కళ్లు తెరిచిన ముఖం ఒక్కటి, బోటు కదలకముందు.

నా బతుకులో మొదటిసారి నిద్రపోయిన పిల్లని లేపడానికి కూర్చున్నాను. గుడ్డ విప్పాను. అరికాలికి తడిగుడ్డ తగిలించాను. చెవి దగ్గర చిటిక వేశాను. తల్లి బుగ్గ నిమిరింది. పాప ముఖం చిట్లించి, వేళ్లన్నీ విప్పి, పెద్దవాళ్లలాగా ఆవలించి మళ్లీ పడుకుంది. అంత బాగా నిద్రపుచ్చాను మరి! నన్ను నేను తిట్టుకుంటూ మళ్లీ అరికాలు పట్టుకున్నాను. అప్పుడు బయట గంప దించిన చప్పుడైంది.

సంతకెళ్లిన అత్త తొందరగా వచ్చేసింది. తలుపు తోసుకుని లోపలికి వచ్చి బుట్టనీ, ఊలు టోపీనీ, కెమెరానీ, నన్నూ వరసగా చూసింది. ఎండకి కమిలిన ముఖం, బలమైన చేతులు. మా వైపు సంతల్లో ఇలాంటి ఆవిడతో బేరమాడే ధైర్యం నాకెప్పుడూ లేదు.

"ఓలమ్మో! ఏటే ఇది? ఎవులే ఈవిడ?"

కోడలు నోరు విప్పేలోగానే టోపీ ఎగిరి మూలన పడింది.

"పురుడు ఎల్లలేదు, అమ్మకం సెయ్యలేదు, అప్పుడే ఫోటోలా? ఒకడు పోనాడు, బుద్ది రాలేదేటే నీకు? ఆడు పుట్టినప్పుడు నానే గదే ఈదంతా తిప్పినాను! మనవడు, మనవడని ఇంటింటికీ సూపెట్టినాను. ఎవుల కన్ను పడిందో! ఈ గుంటనైనా దాసుకోనీవా నన్ను?"

అరుస్తూనే ఏడుస్తోంది. ఏడుస్తున్నట్టు ఆవిడకి తెలిసినట్టు లేదు. నాకు మామూలుగా ఇలాంటి మాటలు వింటే వాదించబుద్ధవుతుంది. కన్నులేమిటి, పడడమేమిటి అని నోటిదాకా వస్తుంది. ఆ పూట రాలేదు. మనవణ్ణి చంకనేసుకుని వీధంతా తిరిగిన మనిషిని కళ్లారా చూసినట్టయింది.

కోడలు లేచి నిలబడి ఒకటే మాట అంది. "అత్తా, నీ కొడుకు బోటెక్కీస్తన్నాడు. ఇది బతికున్నాదని నమ్మకుండానే ఎక్కీస్తన్నాడు."

ముసలావిడ అరుపు ఆగింది. గడప మీద కూలబడింది. చాలాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఉండిపోయింది. కోడలి ఫోన్‌లో ఐసు ఎక్కించడం మొదలైందని, అన్నతో ఫోన్‌లో మాట్లాడిన మరిది పెట్టిన కబురు వెలిగింది. ముసలావిడ నా వైపు తిరిగి, సంతలో సరుకుని చూసినట్టు పైనుంచి కిందికి చూసింది.

"నీదే ఊరు?"

చెప్పాను.

"మీరేట్లమ్మా?"

కులం అడుగుతోంది. మా వైపు అలాగే అడుగుతారు. ఇంకో రోజైతే ఎందుకని ఎదురడిగేదాన్ని. చెప్పాను. "మాది కాదు. మంచిది" అంది. తరువాత, "పిల్లలెందరు?" అంది.

ఇదిగో వచ్చింది అనుకున్నాను. ఈ ప్రశ్న తరువాత నన్ను పురిటింట్లోంచి లేచి పొమ్మన్నవాళ్లున్నారు. వాళ్లు మర్యాదగానే చెప్పారు గానీ పొమ్మనే చెప్పారు. సంచీ దగ్గరికి జరుపుకుని, "లేరు" అన్నాను, కొంచెం గట్టిగానే.

ముసలావిడ తల ఊపింది. అందులో జాలి లేదు.

"మరీ మంచిదమ్మా. పిల్లల్లేనింటికి ఎవులూ ఎతుక్కుని రారు."

ఆవిడ ఏం చేయబోతోందో అప్పుడు తెలిసింది. ఒక బిడ్డ పోయిన ఇంట్లో తరువాతి బిడ్డని చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తారు. పై మనిషెవరో ఎత్తుకుంటారు. వాళ్ల దగ్గర కన్నవాళ్లే గుప్పెడు తవుడు పోసి కొనుక్కుంటారు. ముందు బిడ్డని పట్టుకుపోయినదేదో మళ్లీ వస్తే, ఇది ఆ ఇంటి పిల్ల కాదు, తవుడు పాటి విలువ లేని పిల్ల అనుకుని పోవాలి. మా జిల్లాలో ప్రతి ఊళ్లోనూ తవుడు పేరు పెట్టుకున్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. మా బడిలోనూ ఉండేవారు. మేం ఆ పేరు పట్టుకుని ఏడిపించేవాళ్లం. ఒక్కొక్క పేరు వెనకా ముందుగా పోయిన పిల్లలుంటారని అప్పుడు తెలియదు.

ఇంటి వెనక బూడిదా ఊడ్చిన చెత్తా పోసే కుప్ప ఉంది. ముసలావిడ పాత చేట ఒకటి తెచ్చి అందులో చిరుగుల చీరముక్క పరిచింది. కోడలు పాపని అందులో పెట్టి కుప్ప మీద ఉంచింది. "నాకొద్దు" అని చెప్పి వెనక్కి చూడకుండా వెళ్లాలి. ఆమె ఆ మాట రెండుసార్లు ప్రయత్నించి మూడోసారికి అనగలిగింది. నా పక్కనుంచి పోతూ తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

నేను వంగి పాపని ఎత్తుకున్నాను.

"ఇప్పుడిది నీ పిల్ల" అంది ముసలావిడ, అటు తిరిగి నిలబడి. "నీ పిల్లకి నువ్వు ఫోటోయే తీసుకుంటావో, సినిమాయే తీసుకుంటావో నాకేటి? మాకేటీ తెలీదు. మేం తవుడు తెచ్చీదాకా నీ ఇష్టం."

ఆ మాటలంటూ ఇంట్లోకి నడిచింది. తవుడు గుమ్మం పక్క డబ్బాలోనే ఉందని నాకు తరువాత తెలిసింది. తేవడానికి మాత్రం చాలాసేపు పట్టించింది.

కెమెరా లోపలే ఉండిపోయింది. ఉన్నా లాభం లేదు, దానికి రెండు చేతులూ కావాలి, నాకు ఒక చెయ్యి పాపకే సరిపోయింది. ఎండలో పసికళ్లు తెరుచుకోవని తెలుసు. తాటాకు పంచ నీడలోకి వెళ్లి, వలల కుప్పకి ఆనుకుని కూర్చుని, పాపని నిలువుగా పట్టుకున్నాను. తల నా అరచేతిలో, వీపు నా మోచేతి మీద. చల్లగాలి తగిలింది. పాప నుదురు ముడతలు పడింది. ఒక కన్ను కొంచెం తెరుచుకుని మూసుకుంది. తరువాత రెండూ తెరుచుకున్నాయి.

నల్లగానూ లేవు, నీలంగానూ లేవు. వానకి తడిసిన పలక రంగులో ఉన్నాయి. ముందు ఎటో చూశాయి. తాటాకు అంచున వెలుతురు దగ్గర కాసేపు ఆగాయి. నెమ్మదిగా, ఒక్కొక్క మెట్టూ దిగుతున్నట్టు, నా ముఖం మీదికి వచ్చి ఆగాయి.

అప్పటికి నేను ఎంతమంది పసిపిల్లల్ని ఎత్తుకున్నానో లెక్కలేదు. ఒక్కరూ నన్ను చూడలేదు. చూసే అవకాశం నేనే ఇవ్వలేదు. చేతిలోకి తీసుకున్న వెంటనే నిద్రపుచ్చేదాన్ని. నన్ను చూసిన మొదటి పసిపిల్ల ఈ పాపే. ఆ చూపులో అడగడం లేదు, నవ్వడం లేదు, భయం లేదు. నేనెవరో తెలియదు, తెలియాలన్న తొందరా లేదు. ఉట్టినే చూస్తోంది. కొన్నాళ్ల కిందటి దాకా ఈ కళ్లు లేవు. ఈ చెవి అంచున నూగు లేదు. మొన్నటిదాకా ఎక్కడా లేని ఒక మనిషి ఇప్పుడు ఇక్కడ ఉంది, ఉండి నా ముఖం చూస్తోంది. ఇది మామూలు విషయమని మనుషులు ఎలా అనుకుంటున్నారో, ఇన్నేళ్లూ నేనెలా అనుకున్నానో నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. నాకు భయం వేసింది. అరసవల్లిలోనే ఉంటున్నాను, సూర్యకిరణాలు గుళ్లో స్వామి పాదాల మీద పడే రోజుల్లో జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్లి చూసి వచ్చాను. అందరూ చేతులెత్తితే నేనూ ఎత్తాను. ఆ రోజు కలగనిది ఈ పంచలో, ఎండుచేపల వాసనలో కలిగింది. దణ్ణం పెట్టడానికి చేతులు మాత్రం ఖాళీ లేవు.

ఫోన్ సంగతి గుర్తొచ్చింది. కుడిచేత్తో పట్టుకుని బొటనవేలితో నొక్కాను. చెయ్యి వణికింది. ఆ అమ్మాయి ఫోటోలు ఎందుకు చెడిపోయాయో తెలిసింది. మళ్లీ నొక్కాను. మూడో నాలుగో తీశాక ఒకటి నిలిచింది. వెలుతురు ఏమంత బాగాలేదు, ఓ మూల నా గాజు కూడా పడింది. కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి, చూస్తున్నాయి.

ఇంతలో అత్తా కోడలూ వచ్చారు. అత్త చేతిలో కొత్త చేట, చేటలో తవుడు. పరాయిదానిలా నా ముందు నిలబడి అడిగింది.

"ఏటమ్మా, ఈ పిల్లని అమ్ముతావేటి?"

నేను చెప్పాల్సిన మాట ఆవిడ లోపలికి వెళ్లేముందే నాకు నేర్పింది. పనికిమాలిన పిల్ల, నాకెందుకు, తవుడిస్తే ఇచ్చేస్తాను అనాలి. అంతే. పసిపిల్లల గురించి అంతకంటే పెద్ద మాటలు నేను నా జన్మలో ఎన్ని అనలేదు? చంకలో ఒకటి ఏడుస్తుంటే మనసులో ఎన్ని తిట్టుకోలేదు? కానీ పాప ఇంకా నన్నే చూస్తోంది. ఆ కళ్లలోకి చూస్తూ పనికిమాలిన పిల్ల అనడం నా వల్ల కాలేదు.

"అనమ్మా" అంది ముసలావిడ. "పనికిరాదను. గట్టిగా అను, ఇనపడాల."

ఎవరికి వినపడాలో ఆవిడ చెప్పలేదు. నేను కోడలి వైపు చూశాను. పాలు కారి ఆమె రవిక తడిసిపోయింది. చేతులు ముందుకు చాపకుండా వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను ఆ మాట అననేమోనని, ఇవ్వనేమోనని ఆ పిల్ల ముఖంలో నిజమైన భయం. ఆ భయం చూశాక ఇక ఆగలేదు.

"పనికిమాలిన పిల్ల" అన్నాను. "నాకొద్దు. తవుడు పోసి తీసుకుపోండి."

ముసలావిడ నా కొంగులో తవుడు పోసింది. కోడలు పాపని లాక్కుంది. పొద్దున నేను లాక్కున్నంత మెల్లగా కాదు. ఖాళీ అయిన మోచెయ్యి వెచ్చగానే ఉంది. నేను దాన్ని అలాగే మడిచి పెట్టుకుని కూర్చున్నాను.

ఫోటో పంపాం. ఆయన చూసినట్టు వెంటనే తెలిసింది. జవాబు రాలేదు. పాప తల్లి ఒళ్లో పాలు తాగుతోంది. మేం ముగ్గురం ఫోన్ చుట్టూ చేరి, పొయ్యి మీద పాలు పొంగుతాయేమో అన్నట్టు దాన్నే చూస్తున్నాం. ఎంతసేపటికో మోగింది. మామూలు కాల్. కోడలు స్పీకర్ నొక్కింది. ఇంజను చప్పుడు. బోటు కదిలిపోయింది.

"సూసినాను" అన్నాడు. "కళ్లు సూసినాను."

మళ్లీ ఇంజను చప్పుడే కాసేపు.

"ఎప్పుడు తీసిందే ఇది?"

"ఇప్పుడే మావా. ఇందాకలే."

"ఇందాకలంటే?"

ఆయన అడగలేనిదేమిటో ముగ్గురికీ తెలిసింది. తీసినప్పుడు తెరిచి ఉన్నాయి సరే, ఇప్పుడో? పాలు తాగుతున్న పిల్ల చప్పుడు చేయడం లేదు. పాప బాగానే ఉందని మేం చెప్పినా ఆయనకి అది ఉట్టి మాటే, నమ్మలేడు.

"ఇప్పుడేటి సేస్తన్నాదే?" అన్నాడు చివరికి. ఆ గొంతు ఆ రికార్డులో విన్న గొంతేనంటే నమ్మలేకపోయాను.

ముసలావిడ, పాప కుయ్యిమంటే పరిగెత్తే మనిషి, ఎవరి కంటా పడనీయకుండా కొంగులో దాచుకునే మనిషి, ముందుకు వంగి పాపని రొమ్ము మీంచి తప్పించింది. అరికాలి మీద వేలితో గట్టిగా కొట్టింది. పాప ఉలిక్కిపడి, ముఖమంతా ఎర్రబడి, ఒక్కసారిగా కేర్‌మంది. కోడలు అలవాటుగా పిల్లని భుజానికెత్తుకుని "ఓఓ" అంటూ వీపు తట్టబోయింది.

"ఊరుకోబెట్టకే" అని ఫోన్‌లోంచి కేక. "ఏడవనీ. ఆపకు. ఇనపడినంతసేపు ఏడవనీ."

కోడలు చెయ్యి దించేసింది. అత్త ఫోన్ తీసుకుని పాప నోటి దగ్గర పెట్టింది. సిగ్నల్ పోయేదాకా ఆ పిల్లని ఎవరం ఊరుకోబెట్టలేదు.